జనరేటరు ఉంటే డయాలసిస్ ఆగదన్న ప్రచారంపై

తుఫాను హెచ్చరిక వెలువడినప్పుడల్లా కిడ్నీ రోగుల కుటుంబాల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. డయాలసిస్ రెండు మూడు విడతలు తప్పినా ఏమీ కాదని, ఆ లోటును కొబ్బరినీళ్ళు, బార్లీ నీళ్ళు తీరుస్తాయని, ఆసుపత్రిలో జనరేటరు ఉంటే యంత్రాలు ఆగవని, అంతగా అయితే ఏ ఊళ్ళో కేంద్రానికి వెళ్ళినా చేస్తారని, కాబట్టి ముందస్తు ఏర్పాట్లంటూ కంగారు పడనక్కరలేదని దాని సారాంశం. ధైర్యం చెప్పే ఉద్దేశంతోనే ఎవరో రాసి ఉండవచ్చు గాని, దీన్ని నమ్మి నడుచుకున్న రోగికి ప్రాణాపాయం తప్పదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటింది. దేశంలో కిడ్నీ వ్యాధి అత్యంత తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లో ఒకటైన ఉద్దానం ఉన్నది సరిగ్గా అక్కడే. కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలాయి, విద్యుత్ స్తంభాలు ఒరిగిపోయాయి, చెట్లు అడ్డం పడి దారులు మూసుకుపోయాయి. ఈ సందేశంలోని సలహాలను అలాంటి రోజును దృష్టిలో పెట్టుకుని పరీక్షించాలి.

ఒక విడత ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా, తిండిలోనూ నీటిలోనూ కట్టుదిట్టంగా ఉంటే చాలామంది తట్టుకుంటారన్న మాట వాస్తవమే. అయితే దాన్ని మూడు విడతల దాకా సాగదీయడం తప్పు. 2005లో కత్రినా హరికేన్ తరువాత న్యూ ఆర్లీన్స్ రోగులపై జరిపిన అధ్యయనంలో 44 శాతం మంది కనీసం ఒక విడత, దాదాపు 17 శాతం మంది మూడు లేదా అంతకుమించి కోల్పోయినట్లు తేలింది. ఈ రెండో వర్గం వారు ఆసుపత్రి పాలయ్యే అవకాశం స్పష్టంగా పెరిగింది. దీనికి భిన్నంగా, 2012 అక్టోబరులో శాండీ హరికేన్ రాకముందే డయాలసిస్ చేయించుకున్నవారిలో అత్యవసర చికిత్సకు వెళ్ళవలసి రావడం, ఆ తరువాతి నెల రోజుల్లో మరణించడం తక్కువగా నమోదయ్యాయి. భూకంపంలా కాకుండా తుఫాను రెండు మూడు రోజుల ముందే కబురు పంపుతుంది కనుక, ఆ వ్యవధిలో ఒక విడత పూర్తి చేసుకోవడమే అన్నిటికన్నా మేలైన ఏర్పాటు.

కొబ్బరినీళ్ళ సలహా అన్నిటికంటే ప్రమాదకరమైనది, పైగా నమ్మడానికి సులువైనది. తుఫాను మర్నాడు బావులు మురికిపట్టి ఉంటాయి, కూలిన చెట్ల కింద బొండాలు ఉచితంగా దొరుకుతాయి. ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలో సుమారు 500 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. డయాలసిస్ రోగికి రోజంతటికీ వైద్యులు సాధారణంగా అనుమతించేది 2,000 మిల్లీగ్రాముల చుట్టుపక్కలే. డయాలసిస్ తప్పినవారి రక్తంలో పొటాషియం బయటికి పోయే దారి లేక పేరుకుంటుంది; అది హద్దు దాటితే గుండె లయ తప్పి, ముందస్తు లక్షణం ఏదీ కనబడకుండానే ఆగిపోవచ్చు. అరటిపండ్లకూ, పండ్ల రసాలకూ ఇదే వర్తిస్తుంది. ఇక బార్లీ నీళ్ళు మూత్రం రాని మనిషి ఒంట్లోనే నిలిచి, ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తాయి. విడత తప్పే పరిస్థితిలో ఉప్పు, పప్పు, మాంసం తగ్గించి, రోజుకు అర లీటరుకు మించకుండా ద్రవాలు తీసుకోవాలన్నది అమెరికాలోని అత్యవసర ఆహార సూచనల్లో ఉన్న నియమం. ఎవరికెంత అన్నది తమ నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్యుడు) దగ్గర ముందే తెలుసుకోవాలి.

జనరేటరు గురించి రాసినవారు డయాలసిస్ గది పక్కనుండే, నీటిని శుద్ధి చేసే ఆర్వో గదిని చూసి ఉండరు. రక్తంలోని మలినాలను లాగేసే ద్రవం యంత్రంలో నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున పారుతూ నాలుగు గంటలు సాగే ఒక్క విడతకు 120 లీటర్ల శుద్ధజలం కావాలి. ఆర్వో వదిలేసే నీటిని కలిపితే లోపలికి రావలసింది ఇంకా ఎక్కువ. కరెంటు ఉన్నా నీరు లేకపోతే యంత్రం అలంకారమే. పోనీ ట్యాంకరు తెప్పిద్దామంటే, 1996లో బ్రెజిల్‌లోని కారువారులో సరిగా శుద్ధి చేయని ట్యాంకరు నీటిలోని నాచు విషం వల్ల 50 మందికి పైగా డయాలసిస్ రోగులు మరణించారు. విపత్తు తరువాత నీటిలో క్లోరిన్ మోతాదు పెంచుతారు. కార్బన్ ఫిల్టరు దాన్ని పూర్తిగా ఆపలేకపోతే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. కాబట్టి కేంద్రాన్ని అడగవలసిన ప్రశ్నలు, నీరు ఎన్ని రోజులకు నిల్వ ఉందని, ఆ నీటిని ఎవరు పరీక్షిస్తారని, ఆర్వో పంపు కూడా జనరేటరు మీద నడుస్తుందా అని.

ఎక్కడికి వెళ్ళినా చేస్తారన్న మాట కూడా సగమే నిజం. హెపటైటిస్ బీ ఉన్నవారికి యంత్రం వేరుగా ఉండాలి కనుక, పరీక్షల ఫలితం చూపలేని కొత్త రోగిని చేర్చుకోవడానికి ఏ కేంద్రమైనా వెనుకాడుతుంది. హెపటైటిస్ బీ, సీ, హెచ్ఐవీ ఫలితాలు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు), రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మోతాదు, వాడుతున్న మందులు రాసిన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి రోగి తన దగ్గరే ఉంచుకోవాలి. తమ కేంద్రం మూతపడితే ఎక్కడికి వెళ్ళాలో, ఆ దారి మూసుకుపోతే రెండో చోటు ఏదో తమ కేంద్రంలోని టెక్నీషియన్ చేత ఆ కాగితం మీదే రాయించుకోవాలి.