సవరణ: సుమన్ కల్యాణ్‌పూర్‌కు పద్మభూషణ్ వచ్చింది

హిందీ గాయని సుమన్ కల్యాణ్‌పూర్ గారికి దేశం ఏ గౌరవమూ ఇవ్వలేదని మొన్న రాశాను. అది తప్పు. 2023లో ఆమెకు పద్మభూషణ్ ప్రకటించారు. విజయనగరం మూడులాంతర్ల దగ్గర కలిసిన ఒక మాస్టారు ఈ సంగతి చెప్పారు. చూసుకోకుండా రాసినందుకు పాఠకులు క్షమించాలి.

అయితే ఆ గౌరవం చాలా ఆలస్యంగా వచ్చిందని మాత్రం ఇప్పటికీ అంటాను. ఆమె పుట్టింది 1937లో. రఫీతో కలిసి 'ఆజ్‌కల్ తేరే మేరే ప్యార్ కే చర్చే' పాడిన బ్రహ్మచారి సినిమా 1968లో వచ్చింది. అంటే ఆ పాటకీ పద్మభూషణ్‌కీ మధ్యలో 55 ఏళ్లు! గొంతు లతాజీ గొంతుకు దగ్గరగా ఉండటంతో ఆమె పాటల్ని చాలామంది లత పాటలనే అనుకున్నారు. ఆ పాటలో చరణం ఎత్తుకునే తీరు వినండి, ఎంత హాయిగా ఉంటుందో.

మన ఊరి ఆడపడుచు సుశీలమ్మకు కూడా పద్మభూషణ్ 2008లో గానీ రాలేదు. ఆమె పుట్టింది 1935లో. వాణీ జయరామ్ గారికీ 2023లోనే ప్రకటించారు, అందుకోకముందే ఫిబ్రవరిలో కన్నుమూశారు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.