కన్ను కొట్టే కారు

మా బావ పాత స్పోర్ట్స్ కారు కొన్నాడన్న వార్త కన్నా, ఆ కారుకి హెడ్‌లైట్లు లేవన్న వార్త ఇంట్లో ముందు పాకింది. ముందు నుంచి చూస్తే నిజంగానే నున్నటి మూతి తప్ప ఏమీ లేదు. "ఊడబెరుక్కుని అమ్మారేమో, చూసుకున్నారా?" అంది అక్క. బావ మాట్లాడకుండా లోపల కూర్చుని స్విచ్ నొక్కాడు. బానెట్ మీద రెండు మూతలు టక్కున లేచి, రెండు గుడ్లు బయటపడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. అక్క "కప్పలా ఉంది" అనేసి లోపలికెళ్ళిపోయింది. ఇల్లు రెండు పార్టీలైంది.

బావ పార్టీకి మనుషులు తక్కువే గానీ చరిత్ర బలం ఉంది. ఈ దాక్కునే దీపాలు 1936లో కార్డ్ 810 అనే అమెరికన్ కారుతో వచ్చాయనీ, విమానాల ల్యాండింగ్ లైట్లనే మార్చి బిగించారనీ, డాష్‌బోర్డుకి చెరో కొసనున్న హ్యాండిల్ తిప్పితే ఒక్కో దీపం లేచేదనీ అడగనివాళ్ళకి కూడా చెబుతాడు. తర్వాత చాలా ఏళ్ళు అమెరికాలో హెడ్‌లైటు అంటే చట్టం చెప్పిన సైజులో, చెప్పిన ఎత్తులో ఉండాల్సిందే. డిజైనర్లకేమో మూతి నేలబారుగా కావాలి. అంచేత పగలంతా లైట్లని లోపల పడుకోబెట్టి, చీకటి పడగానే చట్టం అడిగిన ఎత్తుకి లేపేవారు. చట్టం కళ్ళు కప్పడానికి కారు కళ్ళు మూశారన్నమాట.

ఆ సాయంత్రం ముగ్గురం బయల్దేరాం. వెనక సీటు అని కంపెనీవాళ్ళు పేరు పెట్టిన చోట, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని నేను. సిగ్నల్ దగ్గర ఆగేసరికి మసక చీకటి పడింది. బావ స్విచ్ నొక్కాడు. ఎడమది లేచింది. కుడిది లోపల గుర్రుమని, లేవలేదు. బావ ఆపి మళ్ళీ వేశాడు. ఎడమది పడుకుని మళ్ళీ లేచింది. మళ్ళీ ఆపాడు, మళ్ళీ వేశాడు.

సరిగ్గా అప్పుడే మా ముందు నుంచి ఒక పెద్ద మీసాలాయన భార్యతో రోడ్డు దాటుతున్నాడు. ఆవిడ మా కారు వైపు చూసింది. కారు కన్ను కొట్టింది. మీసాలాయన ఆగాడు. కారు ఇంకోసారి కొట్టింది.

"ఏవండీ, ఆయన ఇటే చూస్తున్నాడు."

"చూడనీ. ఇలాంటి కారు రోజూ కనబడదు కదా."

"కారుని కాదు, మిమ్మల్ని," అని అక్క సీట్లో కిందికి జారిపోయింది.

ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు. "ఏంటి సార్, ఆడవాళ్ళకి కన్ను కొడుతున్నారట?"

"నేను కాదండీ, కారు."

"లైసెన్స్ కారుకి లేదు కదా సార్, మీకే ఉంది."

కారు పక్కకి తీయించారు. బావ బానెట్ ఎత్తాడు. ఒక్కో దీపానికీ ఒక్కో మోటారు. మోటారునీ దీపాన్నీ కలిపే కడ్డీ దగ్గర గోరంత ప్లాస్టిక్ ముక్క అరిగిపోయింది. అంతే, మోటారు జోరుకి పట్టు జారి, మోటారు దాని దారిన అది తిరుగుతోంది, దీపం దాని దారిన అది పడుకుంది. మోటారు వెనక రబ్బరు మూత తీస్తే చేత్తో మెల్లగా తిప్పే నాబ్ ఉంటుంది. బావ తిప్పడం మొదలుపెట్టాడు. ఎంత తిప్పినా దీపం వెంట్రుకవాసి కదిలితే గొప్ప.

"ఇది నయమండీ," అన్నాడు కానిస్టేబుల్‌తో, తిప్పుతూనే. "1962లో వచ్చిన లోటస్ ఎలాన్ కారుకైతే ఇంజిన్ గాలి లాక్కునే ఊపుతో, అదే వాక్యూమ్‌తో, దీపాలు లేచేవి. వాక్యూమ్ లీకైందా, బండి పోతుండగానే నిద్రపోయేవి."

"ఆయన చలానా బుక్కు తీశాడు, ఈయన చరిత్ర బుక్కు తీశాడు," అని అక్క నా వైపు తిరిగింది. "1959లో క్యాడిలాక్ కారు వెనక అంతెత్తు రెక్కలు పెట్టారట. ఒక్కటైనా ఎగిరిందేమో అడగరా మీ బావని." ప్రతిపక్షం కూడా చదువుకుంటోందని నాకప్పుడే తెలిసింది. నిజం చెప్పాలంటే నాకీ దీపాల మీద కోపం లేదు. స్టేషన్ వాగన్లనే పొడవాటి సామాన్ల కార్ల పక్కలకి చెక్క డిజైన్ స్టిక్కర్ అతికించిన ఫ్యాషన్ కన్నా వెయ్యి రెట్లు నయం. ఆ చెక్క మంచి రోజుల్లో కూడా ఒక పనీ చేయలేదు.

జనం మూగారు. "సూపర్ ఉందన్నా" అని ఒక కుర్రాడు ఫోటో తీసుకున్నాడు. "ఉన్నవి ఉన్నట్టు పెట్టక, ఎందుకొచ్చిన గొడవ!" అన్నాడొక పెద్దాయన.

"ఇవి ఇప్పుడు రావట్లేదేంటి సార్?" అని కానిస్టేబుల్ అడిగాడు. బావ మొహం వెలిగిపోయింది. లోటస్ ఎస్ప్రిట్, సీ5 కార్వెట్ కార్లతో 2004లో పెద్ద కంపెనీలు వీటిని ఆపేశాయనీ, కారు తగిలినా నడిచేవాళ్ళకి దెబ్బ తగ్గేలా ముందు భాగం ఉండాలన్న నిబంధనలు రావడం ఒక కారణమనీ చెప్పాడు.

"నడిచేవాళ్ళకి సరే, నడిపేవాళ్ళ సంగతేంటి?" అంది అక్క. మీసాలాయన ఇంకా వెళ్ళలేదు.

మాటల్లో పడి బావ తిప్పుడు ఎక్కువైంది. దీపం పూర్తిగా పైకొచ్చి, అందరూ "హమ్మయ్య" అనేలోపు అటునుంచి అటే కిందికి పోయి మూత వేసుకుంది. అది ఇక కదలనంది.

కారణం అన్న గడి దగ్గర కానిస్టేబుల్ కాసేపు పెన్ను కొరికాడు. చివరికి "ఒక కన్ను లేదు" అని రాశాడు.

"హెడ్‌లైటు అని రాయండి," అన్నాడు బావ నొచ్చుకుని.

"లైటు అని రాస్తే, లైటెక్కడుందని మా ఇన్‌స్పెక్టర్ అడుగుతారు సార్. ఏం చూపించమంటారు?"