కొత్త భాషకు శంకుస్థాపన

మొదలుపెట్టడంలో మన కృష్ణా, గుంటూరు జిల్లాలవాళ్లను కొట్టేవాడు లేడు. కొబ్బరికాయ కొట్టి, రాయి వేసి, ఫోటో దిగడం మనకు చేతనైనట్టు ఇంకెవరికీ చేతకాదు. కాబట్టి కొత్త భాషను, అది మాట్లాడుకునే కల్పిత లోకాన్ని సృష్టించే పని విజయవాడలోనే మొదలవ్వాలని గట్టిగా ప్రతిపాదిస్తున్నాను. పూర్తయ్యే సంగతి తర్వాత చూసుకోవచ్చు, తొందరేం లేదు.

ఇది పనీపాటా లేనివాళ్ల వ్యవహారమని తీసిపారేయకండి. 12వ శతాబ్దంలోనే జర్మనీలో హిల్డెగార్డ్ అనే సన్యాసిని వెయ్యికి పైగా మాటలు సొంతంగా కల్పించింది. ఆమె జాబితా దేవుడితో మొదలై, దేవదూతలు, మనుషులు, చుట్టాల మీదుగా పురుగుల దాకా దిగుతుంది. పద్ధతి తెలిసిన మనిషి, ముందు పూజ కానిచ్చింది. 1887లో వార్సాలో జామెన్‌హాఫ్ అనే కంటి డాక్టరు తాను కల్పించిన ఎస్పరాంటో అనే భాషకు 16 నియమాలతో పుస్తకం అచ్చువేశాడు. అచ్చుఖర్చులకు ఆదుకున్నది కాబోయే మామగారు. ఈ ముక్క అందరూ చదివి వదిలేస్తారు గానీ, నా దృష్టిలో 16 నియమాల కన్నా ఇదే ముఖ్యం. సంబంధం కుదరకుండా సృష్టికి దిగకూడదు.

మా సత్యనారాయణపురంలో ఒక ఇంజనీరింగ్ కుర్రాడు దిగాడు. లాంగ్‌బుక్ తెరిచి ముందుగా మ్యాప్ గీశాడు. కొండలు, ఏరు, ఏటికి ఆవల మంచుకోట. రోహిణి కార్తెలో ఫ్యాన్ కింద కూర్చుని మంచుకోట గీయడాన్ని మాత్రం నేను తప్పుపట్టను. వాళ్ల నాన్న స్థలాల వ్యాపారి. మ్యాప్ అందుకుని అటూ ఇటూ తిప్పి, “ఈశాన్యం తెగిపోయిందేంట్రా?” అన్నాడు. తర్వాత అసలు ప్రశ్న వేశాడు: “రాజధాని ఎక్కడ?” కుర్రాడు ఇంకా అనుకోలేదన్నాడు. 2014 నుంచి ఏళ్లతరబడి ఇదే ప్రశ్నతో తల బద్దలుకొట్టుకున్న ప్రాంతంలో పుట్టి, రాజధాని అనుకోకుండా లోకం మొదలుపెట్టాడంటే ఏమనాలి? ఆయన మాత్రం నిరుత్సాహపడలేదు. “మూడు చోట్ల చుక్కలు పెట్టి ఉంచు, ఏదో ఒకటి పెరుగుద్ది,” అని, మంచుకోట పక్కన గజం ఎంత ఉండొచ్చో కనుక్కోమన్నాడు.

ఇక భాష. 2015లో బాహుబలి కోసం మదన్ కార్కి కిలికి భాషను వ్యాకరణంతో సహా తయారుచేస్తే, దాన్ని మాట్లాడింది కాలకేయులు. అప్పట్నుంచి మనవాళ్లకు కొత్త భాషంటే గుడ్లురిమి అరవడమేనని స్థిరపడిపోయింది. మా కుర్రాడి మాటలు కూడా ముల్లు గుచ్చుకున్నట్టే వినిపిస్తాయి. పైపైన గొంతు చించుకుంటున్నా లోపలున్నది ఇంగ్లీషే. మేము వేరు, మనం వేరు అనే తేడా ఇంగ్లీషువాళ్లకు వింత. వాళ్లలో భాషలు కల్పించేవాళ్లు దాన్ని ఎక్కడినుంచో తెచ్చి పెట్టుకుని మురిసిపోతారు. మనవాడికి ఉగ్గుపాలతో వచ్చిందాన్ని పీకేసి, రెండిటికీ ఒకే మాట పెట్టుకున్నాడు. బాబాయి, పెదనాన్న, మావయ్య అందరూ కలిసి ఒక్క ‘గ్రాక్’ అయ్యారు. పిన్ని, అత్తలకు ‘గ్రాకి’.

అయినా ఈ లోకంలో వెయ్యేళ్ల యుద్ధం జరుగుతోందట! ఎలా సాధ్యం? మన పల్నాడులో కోడిపందెం పెట్టుకుని కొంపలు కూల్చుకున్నది దాయాదులు. దాయాది అనే మాటే లేని చోట ఎవడు ఎవడితో కొట్టుకుంటాడు? ఈ సందేహాన్ని కుర్రాడి ముందు పెడితే, యుద్ధానికి కారణం ఒక మణి అన్నాడు. మణికోసం వెయ్యేళ్లు కొట్టుకుంటారా! గట్టు తగాదా పెట్టమని సలహా ఇచ్చాను. అది వాస్తవికంగా లేదన్నాడు.

ప్రస్తుతానికి ఆ భాషలో తిట్లు, జాతీయగీతంలో సగం, జెండా తయారయ్యాయి. ‘అన్నం తిన్నావా’ అనడానికి ఇంకా కుదరదు. మొన్న వాళ్ల అమ్మమ్మ వచ్చి, లాంగ్‌బుక్ పేజీలన్నీ ఓపిగ్గా తిరగేసి, వాడి ఎదురుగానే తెనాలిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, “కవీ కడి కకి కపి కచ్చి” అంది. అవతల చెల్లెలు కూడా గుక్కతిప్పుకోకుండా అదే భాషలో అందుకుంది. చిన్నప్పుడు మగపిల్లలకు తెలియకుండా మాట్లాడుకోవడానికి నేర్చుకున్నారట. కుర్రాడు గబగబా రాసుకున్నాడు గానీ, అది ఏ భాషాకుటుంబానికి చెందిందో ఇంకా తేల్చలేదు.