కాలరు లోపలి చీటీ

లోగో కనబడేలా బట్టలేసుకోవడం ఈ తరం వెర్రి అని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. అంత కొత్తదేం కాదండీ. ఫ్రాన్స్ టెన్నిస్ ఆటగాడు రెనె లకోస్త్‌కి ‘మొసలి’ అని పేరు పడితే, స్నేహితుడు గీసిచ్చిన మొసలి బొమ్మని 1920లలోనే కోటు మీద కుట్టించుకున్నాడు. 1933లో అదే చొక్కాలకెక్కి అంగళ్లకి చేరింది. లూయీ విటాన్ అనే ఫ్రెంచి కంపెనీ పెట్టెల మీది ఎల్‌వీ అక్షరాలు ఇంకా ముందువి, 1896 నాటివి. నకిలీలు రాకుండా వేసిన గుర్తు అది. ఇప్పుడు ఏ సంతలో చూసినా నకిలీ దానికే!

మా చిన్నప్పుడు దర్జీ తన పేరున్న చీటీ కాలరు లోపల కుట్టేవాడు. చొక్కా విప్పితే తప్ప కనబడేది కాదు. మా అబ్బాయేమో ఛాతీ నిండా కంపెనీ పేరేసుకుని తిరుగుతాడు. “వాళ్ల ప్రచారానికి నువ్వెందుకురా డబ్బులిచ్చావు?” అంటే నవ్వేస్తాడు.

అలాగని నేనూ తక్కువేం తినలేదు. గద్వాల చీర కట్టిన రోజు అంచు నలుగురికీ కనబడేలా పైట సర్దుకుంటాను. “గద్వాలేనా వదినా?” అని ఒక్కరైనా అడక్కపోతే ఆ పెళ్లి భోజనం రుచించదు నాకు.