పాయింటర్‌కు పాస్‌బుక్ ఎందుకు?

2023లో మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో ఐటీ టవర్లు తెరిచారు. సంతోషం. కానీ అక్కడ కూర్చున్న మన పిల్లల మీద ఇప్పుడొక ఆంక్ష పెడుతున్నారు: నేటివ్ మెమరీ (సి లాంటి భాషలు నేరుగా వాడే జాగా) అడ్రస్‌ను, అంటే పాయింటర్‌ను, ఇష్టమొచ్చినట్టు దాచుకోవద్దట!

అడ్రస్ అంటే ఏందో నల్లగొండ మనిషికి ఒకరు చెప్పాలా? సర్వే నంబరు నోటికొస్తే భూమి మనదే. అమ్మేసినా మనదే. కొన్నవాడు బోరు వేసి పత్తి పెట్టుకున్నా, మనం నాగలి కట్టుకుని దిగుతాం. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది, మన పట్టుదల మాత్రం అలాగే ఉంది. సి లైబ్రరీ ఇచ్చిన పాయింటర్‌ను జావాలో లాంగ్‌గానో, సి షార్ప్‌లో ఇంట్‌పీటీఆర్‌గానో, అంటే ఉత్త అంకెగా, దాచుకున్నవాడు చేసేదీ ఇదే. అవతల ఆ జాగాను వాపసు ఇచ్చేసి ఫ్రీ అయిపోయినా ఇవతల అంకె చెక్కుచెదరదు. దాన్ని పట్టుకుపోయి రాస్తే ఒక్కోసారి ప్రోగ్రామ్ అక్కడే కూలుతుంది, అది అదృష్టం. కూలకపోతే ఆ జాగాలో కొత్తగా చేరిన డేటా చెడుతుంది, ఎన్నాళ్లకో సంబంధం లేని చోట బిల్లు తప్పొస్తుంది. అప్పుడు టెస్టింగ్ వాళ్లను తిట్టొచ్చు. (64 బిట్ల పాయింటర్‌ను 32 బిట్ల ఇంట్‌లో కుక్కినవాళ్లయితే సగం సర్వే నంబరుతోనే వ్యాజ్యం నడిపారు. ఆ ధైర్యానికి దండం.)

ఇంత స్వేచ్ఛను ఓర్వలేకే 2005లో, సి షార్ప్ నడిచే డాట్‌నెట్ 2.0తో సేఫ్‌హ్యాండిల్ తెచ్చారు, అంటే పాయింటర్ లాంటి హ్యాండిల్‌కు పాస్‌బుక్. నేటివ్ కాల్ (సి లైబ్రరీని పిలిచిన పని) నడుస్తుండగా హ్యాండిల్‌ను విడుదల కానివ్వదు. ఒకే హ్యాండిల్‌ను రెండుసార్లు విడుదల చేసే హక్కూ లేదు. 2024 మార్చిలో వచ్చిన జావా 22 మరీ అన్యాయం. అరీనా (నేటివ్ మెమరీకి గడువు కట్టే ఆవరణ) మూసేశాక అందులోని మెమరీని ముట్టుకుంటే ఎక్సెప్షన్ విసిరి, ఏ లైనులో తప్పు చేశామో నలుగురిలో చెబుతుంది. పరువు గల కుటుంబాల పిల్లలు ఎలా పనిచేయాలి?

పైగా సిలో మాలాక్‌ను అడిగి తెచ్చిన మెమరీని ఫ్రీకే వాపసు ఇవ్వాలట, ఇంకో అలకేటర్‌తో (మెమరీ పంచేదానితో) తెచ్చింది దానికే ఇవ్వాలట.

వాడని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ గారు చూసుకుంటారులే అంటే, పాపం ఆయనకు కనిపించేది మేనేజ్డ్ వైపు, అంటే జావా, సి షార్ప్ వైపు ఉన్న కొద్ది బైట్ల ఆబ్జెక్టే. దాని వెనక నేటివ్ వైపు వంద మెగాబైట్ల ఫొటో ఉందని ఎవరూ చెప్పరు, ఆయన నిమ్మళంగా పడుకుంటాడు. లేచాడా, సర్దుబాటు పేరుతో ఆబ్జెక్టులను అటూ ఇటూ జరుపుతాడు. పిన్ చేయకుండా (కదలకుండా కట్టేయకుండా) సి వైపు ఇచ్చిన అడ్రస్ గాలికి పోతుంది. కాల్‌బ్యాక్ కోసం, అంటే సి లైబ్రరీ తిరిగి మనల్ని పిలవడానికి, ఇచ్చిన డెలిగేట్‌ను (మన ఫంక్షన్‌ను చూపే ఆబ్జెక్టును) మన వైపు ఎవరూ పట్టుకుని లేకపోతే దాన్నీ ఊడ్చేస్తాడు. తర్వాత సి లైబ్రరీ పిలిస్తే పలికే దిక్కుండదు.

కనుక నా డిమాండ్: వచ్చే రిలీజ్‌లో సేఫ్‌హ్యాండిళ్లు, అరీనాలు పీకేసి అన్నిచోట్లా లాంగ్‌లు పెట్టాలి. క్రాష్ లాగ్‌లను మాత్రం హైదరాబాద్ ఆఫీసుకు పంపాలి. సర్వర్ రీస్టార్ట్ చేసేవాళ్లు అక్కడ రాత్రంతా మేలుకునే ఉంటారు.