జావా పల్లెలో "పేరు అరువు" పెట్టి పొలం కొనేవాళ్లకు

"జావాలో పొలం పక్కన ఇల్లు చవగ్గా వస్తుంది, ఊళ్లో ఎవరో ఒకరి పేరు మీద రాయించుకుంటే సరి" అని సలహా ఇచ్చేవాళ్లను నమ్మకండి. అలా కట్టిన డబ్బు తిరిగి రాదు. రాదని ఇండోనేషియా 1960 నాటి మూల భూచట్టంలోనే ఉంది.

మన పట్టా హక్కుకు దగ్గరగా ఉండేది అక్కడ హక్ మిలిక్. 21వ సెక్షన్ ప్రకారం అది ఆ దేశ పౌరులకే. 26వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. భూమిని విదేశీయుడికి నేరుగా గానీ చాటుగా గానీ బదలాయిస్తే ఆ లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, అమ్మినవాడికి ముట్టిన సొమ్మును తిరిగి అడగడానికి వీల్లేదు. మనం బినామీ అనేదాన్ని వాళ్లు "పింజామ్ నామా" అంటారు, పేరు అరువు తెచ్చుకోవడమన్నమాట. దానికి తోడుగా అప్పు పత్రం, రద్దు చేయలేని పవర్ ఆఫ్ అటార్నీ, పొడుగాటి లీజు కలిపి కట్టగా ఇస్తారు. కోర్టుకు వెళ్తే చట్టాన్ని తప్పించుకోవడానికే రాసుకున్నారని చెప్పడానికి ఆ కట్టే సాక్ష్యం అవుతుంది. పేరు ఇచ్చినవాడు పోయాక అతని పిల్లలు మీరెవరో తెలియదంటారు, అంతే.

ఈ చట్టం కఠినంగా ఉండటమే న్యాయం. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే ఎంత నేలో, జావా అందులో సగం కూడా లేదు. జనం మాత్రం 2020 లెక్కల్లోనే 15 కోట్లు దాటారు. అర హెక్టారు లోపు ఉన్న రైతును "పెతాని గురెమ్" అంటారు. గురెమ్ అంటే కోడిపేను. అలాంటి చోట బయటి నుంచి వచ్చిన డబ్బు పొలాల మీద పడితే కౌలు దొరకాల్సిన మనిషికి కూలి కూడా దొరకదు. 1961 నాటి నిబంధన ప్రకారం వేరే మండలంలో (కెచమాతాన్) ఉండే సొంత దేశస్థుడు కూడా సాగుభూమి అట్టిపెట్టుకోకూడదు. ఆరు నెలల్లో అమ్మాలి, లేదా అక్కడికి మకాం మార్చాలి. దీన్ని ఎవరూ సరిగ్గా అమలు చేయరు. చేసి ఉంటే ఊళ్లో పొలాలు ఊరివాళ్ల చేతుల్లోనే ఉండేవి.

ఇండోనేషియా వ్యక్తిని పెళ్లి చేసుకున్న తెలుగువాళ్లు ఒకటి చూసుకోవాలి. ఆస్తులు వేరని ఒప్పందం లేకపోతే భార్య పేరున కొన్న భూమి కూడా ఉమ్మడి ఆస్తే, అప్పుడు ఆమె హక్కుకే చిక్కు. పెళ్లికి ముందే రాసుకోవాలనే షరతును రాజ్యాంగ న్యాయస్థానం 2016 అక్టోబరులో సడలించింది. ఇప్పుడు పెళ్లయ్యాక కూడా నోటరీ దగ్గర రాసుకుని వివాహ రికార్డులో నమోదు చేయించవచ్చు. కొన్నాక కాదు, కొనేముందే ఆ పని చేయండి.

కాగితాల విషయంలో మనవాళ్లకు అన్నీ తెలిసిన రోగాలే. గిరిక్, పెతోక్ డి, ఊరి పుస్తకంలోని లెటర్ సి, ఇవన్నీ పన్ను కోసం పుట్టిన రికార్డులు. ఏటా కట్టే పీబీబీ పన్ను రశీదు హక్కు పత్రం కాదు. స్టాంపు కాగితం మీద ఊరి పెద్ద సంతకంతో జరిగే అమ్మకం మన సాదాబైనామాకు తోబుట్టువే. 2021 నాటి నిబంధన ఈ పాత కాగితాలకు ఐదేళ్ల గడువిచ్చింది. 2026 ఫిబ్రవరి 2 తర్వాత అవి హక్కుకు రుజువుగా చెల్లవు, భూమి ఎక్కడుందో చూపే ఆనవాలుగా మాత్రమే పనికొస్తాయి. ఊరంతా ఒకేసారి కొలిచి సర్టిఫికెట్లు ఇచ్చే పీటీఎస్ఎల్ పథకంలో జావాలో సన్నాహక ఖర్చుకు పెట్టిన హద్దు 1,50,000 రుపియా. యోగ్యకర్తా ప్రాంతంలోనైతే సుల్తాన్ భూమి ఉంటుంది. దాని మీద ఇల్లున్నా చేతిలో ఉండేది కెకాంచింగాన్ అనే అనుమతి లేఖే.

కాబట్టి అద్దెకో లీజుకో తీసుకోండి. విదేశీయుడికి హక్ పకాయ్ అనే వాడకపు హక్కుతో ఇల్లు కొనే దారి ఉంది గానీ, దానికి ప్రభుత్వం పెట్టిన కనీస ధరను పల్లెటూరి ఇల్లు అందుకోదు. లీజు రాసేముందు సర్టిఫికెట్ యజమాని పేరు మీదే ఉందా, చనిపోయిన తండ్రి పేరు మీదుందా చూడాలి. తండ్రి పేరే ఉంటే వారసులందరూ సంతకం పెట్టాలి. ఒకరు జకార్తాలో, ఒకరు మలేషియాలో ఉంటారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. భూ కార్యాలయంలో సర్టిఫికెట్ తనిఖీ చేయిస్తే బ్యాంకులో కుదువ పెట్టారేమో బయటపడుతుంది. కొలత మీటర్లలోనే అడగండి. ఉబిన్ అంటే సుమారు 14 చదరపు మీటర్లు, మన సెంటుకు దాదాపు మూడు. పాతోక్ అన్నారంటే జాగ్రత్త, అది ఊరూరికీ మారిపోతుంది.

అసలు కడుపు మండేది గదై దగ్గర. ఆసుపత్రికో పెళ్లికో డబ్బు కావాలని రైతు పొలం కుదువ పెడతాడు. అప్పిచ్చినవాడు అసలు తీరేదాకా ఆ పొలం సాగు చేసుకుంటాడు, పంటంతా అతనిదే. 1960 నాటి 56వ నంబరు చట్టం ఏడవ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది. ఏడేళ్లు దాటితే కోత అయిన నెలలోపు ఒక్క పైసా తీసుకోకుండా పొలం తిరిగి ఇచ్చేయాలి. ఏడేళ్ల లోపైతే ఏడున్నరలోంచి గడిచిన ఏళ్లు తీసేసి, ఏడుతో భాగించి, అప్పు మొత్తంతో గుణించాలి. నాలుగేళ్లు గడిస్తే సగం కడితే చాలు. పదేళ్లు పంట తిన్న మనిషికి మళ్లీ పూర్తి అసలు కట్టే రైతులకు ఈ లెక్క చెప్పేవాడే ఉండడు. పంటలో వాటాకు చేసే పాలు సాగు సంగతీ అంతే. చట్టం ప్రకారం వరిపొలానికి కనీసం మూడేళ్ల ఒప్పందం ఊరి పెద్ద ముందు రాయాలి. ఊళ్లో మాత్రం "మారో" (సగం), "మెర్తెలు" (మూడో వంతు) అని నోటిమాటతో నడిచిపోతుంది.

ఉండటానికి వెళ్తే మొదటి 24 గంటల్లో వీధి పెద్దకు (ఎర్‌తే) పాస్‌పోర్టు నకలు ఇవ్వాలి. ఇంటి ముందు చిన్న డబ్బాలో గుప్పెడు బియ్యమో చిల్లరో పెట్టాలి, రాత్రి గస్తీవాళ్లు తీసుకెళ్తారు. దీన్ని జింపితాన్ అంటారు. చావు కబురు మసీదు మైకులో వినిపిస్తే వెళ్లి తీరాలి, పెళ్లికి కవరు మరవొద్దని చెప్పక్కర్లేదు. మర్యాద మాటల్లో నీళ్లు "తోయ", ఇల్లు "గ్రియ", నేల "సితి" (క్షితి). మధ్య జావాలో సాగునీటి సంఘం పేరే ధర్మ తీర్త. తెలుగువాడి చెవికి ఇవి త్వరగా పట్టుబడతాయి.

పట్నం నుంచి ఊరికి వెళ్లే చిన్న వ్యాన్లు చాలాచోట్ల సాయంత్రానికే ఆగిపోతాయి, తర్వాత ఒజెక్ అనే కిరాయి బైకే గతి. లెగి, పహింగ్, పోన్, వాగె, క్లివోన్ అనే ఐదు రోజుల సంత చక్రం కనుక్కుని సంత రోజున వెళ్తే బండి సులువుగా దొరుకుతుంది. రంజాన్ పండక్కి జనమంతా సొంతూళ్లకు వెళ్తారు, అప్పుడు రైలు టికెట్టు ఆశ వదులుకోండి. రాత్రి పొలం గట్ల మీద నడవొద్దు. ఎలుకల కోసం లాగిన కరెంటు తీగలు తగిలి స్రాగెన్, న్గావి ప్రాంతాల్లో రైతులే చనిపోయారు. పొలం లీజుకు చూడాలంటే వానల్లో పచ్చగా ఉన్నప్పుడు కాదు, ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్లండి. నీళ్లు వదిలే ఉలు-ఉలును పట్టుకుని, మూడో పంటకు కాలువ చివరి మళ్లకు ఎన్ని రోజులకోసారి తడి అందుతుందో అడగండి.