క్రిస్మస్ కన్నా ముందు అక్టోబర్ వస్తుంది

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో చర్చి కమిటీ సెప్టెంబర్‌లో కూర్చుందంటే మాట్లాడుకునేవి దాదాపు ఒకటే. కోతకాల పండుగ (పంటలో కొంత చర్చికి తెచ్చి వేలం వేసే పండుగ) ఏ ఆదివారం పెట్టుకోవాలి, క్రిస్మస్‌కి గోడలకు రంగులు ఎవరు వేయిస్తారు, వాక్యం చెప్పడానికి బయటి నుంచి ఎవరిని పిలవాలి. నెత్తి మీది రేకుల ఊసు రాదు. వచ్చినా "చూద్దాంలెండి అయ్యగారూ" అని పాస్టరుగారితో అనడంతో సరి.

క్యాలెండర్ మాత్రం వేరే సంగతి చెబుతోంది. 2013లో ఫైలిన్ తుపాను తీరం దాటింది అక్టోబర్ 12న. మరుసటి ఏడు హుద్‌హుద్, మళ్లీ అక్టోబర్ 12. 2018లో తిత్లీ అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస వైపు విరుచుకుపడి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. 2021లో గులాబ్ కాస్త తొందరపడి సెప్టెంబర్ 26నే వచ్చేసింది. వీటిలో హుద్‌హుద్, గులాబ్ రెండూ ఆదివారాలే. అంటే జనం చర్చిలో ఉండే రోజు. కవులకు శరదృతువు వెన్నెల కావచ్చు గానీ, మా తీరంలో అది వాయుగుండాల కాలం.

ఇక్కడ డబ్బు నడిచే తీరు కూడా తెలియాలి. ఖరీఫ్ వరి కోతకొచ్చేది నవంబర్, డిసెంబర్‌లలో. అంతకు ముందు రెండు నెలలు రైతు చేతిలో పైసా ఆడదు. కానుకల సంచిలో చిల్లరే ఎక్కువ. కోతలయ్యాక ధాన్యం బస్తాలు, కోడిపుంజులు, అరటి గెలలు చర్చికి వస్తాయి. వెంటనే క్రిస్మస్, కొత్త సంవత్సరం. సంక్రాంతి నాటికి ఖజానా మళ్లీ ఖాళీ. డబ్బున్నప్పుడు తుపాను ఉండదు, తుపాను వచ్చేసరికి డబ్బుండదు. దీన్ని దేవుడి మీదకో ప్రభుత్వం మీదకో తోసేయలేం. కమిటీ సంక్రాంతి రాకముందే కొంత పక్కన పెట్టాల్సిన విషయం ఇది.

ఒక కోతకాల పండుగలో నేను చూసిన వేలం చెబుతాను. ఒక ఆనపకాయ 400 రూపాయలకు పోయింది. పాడినవాడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసుకుంటూ పండక్కి ఊరొచ్చిన కుర్రాడు. గెలిచిన కాయను తీసుకెళ్లి పాస్టరుగారి భార్య, అమ్మగారి చేతిలో పెట్టాడు. ఆమె నవ్వి దాన్ని మళ్లీ వేలానికి పెట్టించారు. ఈసారి 250. అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ ముచ్చటేసింది. తర్వాత లెక్కల పుస్తకంలో చూస్తే ఆ రోజంతటికీ "పండుగ వసూలు" అని ఒకే ఒక్క అంకె ఉంది. ఎవరు ఎంత పాడారు, ఎవరు బాకీ ఉన్నారు, ఏమీ లేదు. కోశాధికారి మంచివాడే. జ్ఞాపకం మీద ఆయనకు నమ్మకం ఎక్కువ, అంతే.

పిడికెడు బియ్యం సంగతి ఇంతకన్నా సున్నితం. ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి డబ్బాలో వేసి, ఆదివారం పట్టుకొచ్చే ఆడవాళ్లు చాలా చర్చి సంఘాల్లో ఇంకా ఉన్నారు. కొన్నిచోట్ల అయ్యగారి కుటుంబానికి ఆధారం ఆ బియ్యమే. కమిటీ బల్ల చుట్టూ మాత్రం ఆ ఆడవాళ్లు కనిపించరు. ఒక మీటింగులో వెనక వరస నుంచి ఒక ముసలమ్మ లేచి, "బియ్యం అమ్మిన డబ్బులు ఏటయ్యాయి బాబూ?" అని అడిగింది. పెద్దలు ఆమెను కూర్చోబెట్టి ప్రార్థనతో సభ ముగించారు.

తెలుగు బైబిల్లో గృహనిర్వాహకత్వం అని ఒక పెద్ద మాట ఉంది. మన ప్రసంగాల్లో అది దశమ భాగం (రాబడిలో పదో వంతు) ఇవ్వండి అని చెప్పడానికే వాడుకలో మిగిలింది. అసలు గృహనిర్వాహకుడంటే యజమాని సొమ్ముకు కాపలా ఉండి, అడిగిన రోజున లెక్క చెప్పేవాడు. ఇచ్చేవాడికి కాదు, తీసుకుని దాచేవాడికి పెట్టిన పేరది. అపొస్తలుడైన పౌలు కూడా యెరూషలేములోని పేదల కోసం చందా పంపేటప్పుడు ఒక్కడి చేతికే ఇవ్వలేదు, సంఘాలు ఎంచిన మనిషిని తోడు పంపాడు, ఎవరూ వేలెత్తి చూపకూడదని.

1870ల్లో భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం కేంద్రాలుగా వచ్చిన కెనడా బాప్టిస్టు మిషనరీలు ఇక్కడ వేసిన పద్ధతి సంఘమే సర్వాధికారి అన్నది. సభ్యులే డీకన్లను (సంఘ పనులు చూసే పెద్దల్ని) ఎన్నుకోవాలి, సభ్యులే లెక్క అడగాలి. ఇప్పుడు ఎన్నికలు మిగిలాయి, వర్గాలు మిగిలాయి, లెక్క అడగడం పోయింది. క్యాథలిక్ విచారణల్లో (ఒక్కో ఫాదర్ కింద ఉండే చర్చి పరిధుల్లో) ఆర్థిక మండలి ఉండాలని వారి చర్చి చట్టమే చెబుతుంది. నా అసలు టెన్షన్ ఈ మధ్య రోడ్డు రోడ్డుకీ లేచిన స్వతంత్ర సంఘాల గురించి. స్థలం పాస్టరుగారి పేరున, బ్యాంకు ఖాతా ఆయన పేరున, ఆయన తర్వాత కొడుకు. రేకులు ఎగిరిపోతే బాగు చేయించాల్సింది ఎవరో కూడా తేలదు.

అందరూ మరిచిపోయేది బీరువా. తిత్లీ తర్వాత ఒక చర్చిలో పెళ్లిళ్ల రిజిస్టరు చూశాను. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, సిరా కారి నీలి మరకలయ్యాయి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద ఆ పుస్తకం చట్టబద్ధమైన రికార్డు. పాస్‌పోర్టుకో భర్త పోయాక పింఛనుకో కాగితం కావాల్సిన మనిషికి ఆ మరకలు పనికిరావు. మందపాటి పాలిథిన్ కవరు, ఎత్తైన అర, ఫోన్‌లో ఫొటోలు ఉంటే చాలు, ఆ పుస్తకం దక్కేది. దీనికి చందా అక్కర్లేదు, ఒక యౌవనస్థుడికి ఒక మధ్యాహ్నం చాలు.

మిగతావి మామూలు పనులే. రేకుల బోల్టులు బిగించడం, తుప్పు పట్టినవి మార్చడం, చర్చి మీదకు వాలిన కొబ్బరి మట్టలు కొట్టించడం, సౌండ్ బాక్సులు నేల మీంచి పైకెక్కించడం. జనం తలదాచుకోవడానికి చర్చికి వస్తే తాగునీళ్లు ఎక్కడ, తాళం ఎవరి దగ్గర అన్నది ముందే రాసి పెట్టుకోవాలి. తాళం పట్టుకుని సంఘ పెద్ద విశాఖలో కూతురింటికి వెళ్లిన రాత్రే గాలి మొదలవుతుంది, అదేం ఖర్మో.

కాబట్టి ఈ నెల కమిటీ అజెండాలో రంగుల కన్నా ముందు రేకుల మేస్త్రీ పేరు రాయండి. ఆయనకు దసరా లోపే ఫోన్ చేయండి. పండగ దగ్గర పడితే ఎత్తడు.